హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్: శుక్రవారం సర్జరీ, ఆదివారం ఫ్లైట్. ఇది సబబేనా?

కరీంనగర్_మస్కట్
గల్ఫ్ నుంచి వారం సెలవు మీద వచ్చేవాళ్ళకు హైదరాబాద్‌లో కొన్ని క్లినిక్కులు చెప్పే మాట ఇది: "శుక్రవారం చేసేస్తాం, శనివారం కట్టు విప్పుతాం, ఆదివారం ఎక్కేయండి." పైకి పోయాక ప్రెజర్‌కు నాటినవి ఊడొస్తాయి, పది రోజులు కదలొద్దు అనేవాళ్ళూ ఉన్నారు. 2,500 గ్రాఫ్టుల (తల వెనక నుంచి తీసి ముందు నాటే వెంట్రుకల కుదుళ్ళు) ఎఫ్‌యూఈ (ఒక్కో కుదురునూ విడిగా తీసే పద్ధతి), శంషాబాద్ నుంచి మస్కట్‌కు మూడు గంటల ప్రయాణం అనుకుందాం. తెలిసినవాళ్ళు లెక్కతో చెప్పండి.

గ్రాఫ్ట్_లెక్క
ముందు ప్రెజర్ సంగతి తేల్చేద్దాం. విమానం 35,000 అడుగుల ఎత్తులో ఉన్నా లోపలి గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టే ఉంటుంది. ఊటీ 7,000 అడుగులు దాటుతుంది. ఊటీ పోతే గ్రాఫ్టులు ఊడతాయా? ఒత్తిడి తగ్గితే ఉబ్బేది మూసుకున్న చోట చిక్కిన గాలి: చెవి, సైనస్, పేగు. గ్రాఫ్టు కూర్చున్న గాటు 1 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది, అందులో గాలికి చోటే లేదు. దాన్ని మొదట పట్టి ఉంచేది గడ్డకట్టిన రక్తంలోని ఫైబ్రిన్ అనే జిగురు పోగులు. మొదటి రెండు రోజులు వెంట్రుక పట్టి లాగితే గ్రాఫ్టు వచ్చేస్తుంది. ఐదు రోజుల దాకా నాటినచోట ఎండి కట్టిన పొక్కు గీకితే దాంతోపాటు వస్తుంది. తొమ్మిది, పది రోజులకు పాతుకుపోతుంది. భయపడాల్సింది గోటికి.

శంషాబాద్_గేటు
గోటికన్నా ముందు సీటు పైన సామాను అరకు భయపడాలి. కిటికీ సీటు నుంచి వంగి లేచేటప్పుడు తల కొట్టుకునేది దానికే. ఐల్ సీటు తీసుకోండి, కానీ బ్యాగులు దించే తొక్కిసలాట అయ్యేదాకా లేవకండి. టోపీ విషయం: సెక్యూరిటీ దగ్గర, ఇమ్మిగ్రేషన్ దగ్గర తీయమంటారు. బిగుతు టోపీ అయితే తీసిన ప్రతిసారీ ముందువరస గ్రాఫ్టుల మీద రాసుకుంటుంది. తలకు ఆనకుండా వదులుగా ఉండే బట్ట టోపీ, రెండు చేతులతో నిలువుగా పైకెత్తి తీయాలి. టీషర్టు వద్దు, గుండీల చొక్కా వేసుకోండి. సెలైన్ స్ప్రే 100 మి.లీ. లోపు సీసాలో, క్లినిక్ చీటీతో పాటు చేతిసంచిలో పెట్టుకోండి. విశాఖ, తిరుపతి పోయేవాళ్ళు మొహం వాచి ఉంటే, మొహం చూసి గేటు తెరిచే డిజియాత్రా మీద ఆధారపడకండి, గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకోండి.

డ్రెస్సింగ్_రూమ్
అన్నీ చెప్పారు గానీ ఆ రోజు తల ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. సర్జరీలో నెత్తి చర్మం కింద సెలైన్, అడ్రినలిన్, మత్తుమందు కలిపి ఎక్కిస్తారు. ఆ నీరు మెల్లగా కిందికి జారుతుంది. శుక్రవారం చేస్తే ఆదివారం నుంచి మంగళవారం లోపు నుదుటికి, ఆపైన కనురెప్పలకు దిగుతుంది. కొందరికి కళ్ళు సగం మూసుకుపోతాయి. ప్రమాదం కాదు, నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది. కానీ ఇలాంటి మొహంతో ఇమ్మిగ్రేషన్ క్యూలో నిలబడాలా? ఇక మొదటి తలస్నానం రెండో రోజో మూడో రోజో వస్తుంది. అది క్లినిక్‌లో, తెలిసిన చేత్తో జరగాలి.

గ్రాఫ్ట్_లెక్క
సిస్టర్ గారూ, వాపుకు మీరు చెప్పే మందే విమానంలో ఉంది కదా! తల 45 డిగ్రీలు ఎత్తి పడుకోమంటాం. సీట్లో కూర్చునే పోతారు. విశాఖ పోయేవాడు విమానం మానేసి స్లీపర్ బస్సులో పన్నెండు గంటలు పక్క మీద వాలితే వాపు మొహమంతా వస్తుంది, గుంతకో కుదుపు అదనం. రైల్లో మిడిల్ బెర్తు అయితే లేచిన ప్రతిసారీ తల పైబెర్తుకు తగులుతుంది. ఈ మూడింట్లో విమానమే మెరుగు. ఒక్క జాగ్రత్త: గ్రాఫ్టులు తీసిన వెనకభాగం సీటుకు ఆనకూడదు. గుర్రపునాడా దిండు మెడకు పెట్టి తల కాస్త ముందుకు ఉంచాలి.

మలక్‌పేట_మందులు
నొప్పికి ప్యారాసెటమాల్ చాలు. క్లినిక్ ట్రమడాల్ రాసిస్తే గల్ఫ్ పోయేవాళ్ళు ఆగి ఆలోచించండి. యూఏఈలో ట్రమడాల్, కోడీన్ నియంత్రిత మందులు, అనుమతి లేకుండా తీసుకెళ్తే చిక్కు. సర్జరీలో నిద్రమత్తు ఇచ్చి ఉంటే అదే రోజు ప్రయాణం వద్దే వద్దు. నాలుగు గంటలు దాటే ఫ్లైట్ అయితే గంటకోసారి లేచి నడవండి. లేవకపోతే పాదాలు పైకీ కిందికీ ఆడించండి, పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా. మద్యం, సిగరెట్ రెండూ వద్దు.

ఉప్పల్_వంశీ
బైక్ మీద పోవచ్చా అన్నా?

గ్రాఫ్ట్_లెక్క
హెల్మెట్ లేకుండా పోకూడదు, హెల్మెట్ పెట్టకూడదు. పది రోజులు బైక్ మరిచిపో.

డ్రెస్సింగ్_రూమ్
మీరు బస్సు, రైలు, ప్రెజర్ అంటూనే ఉన్నారు. నేను అడిగింది తలస్నానం గురించి. అది ఎలా చేయాలో చెబుతాను, మస్కట్ గదిలో ఒంటరిగా ఎవరు చేసుకోగలరో మీరే చెప్పండి. ముందు సెలైన్‌తో అరగంట నాననివ్వాలి. బేబీ షాంపూ గిన్నెలో నీళ్ళతో గిలక్కొట్టి నురగ మాత్రమే తీసి అద్దాలి, రుద్దకూడదు. ఐదారు నిమిషాలు ఆగి, మగ్గుతో నాలుగంగుళాల ఎత్తు నుంచి గోరువెచ్చని నీళ్ళు పోయాలి. షవర్ ధార నేరుగా పడకూడదు. ముందుభాగాన్ని తువ్వాలుతో తుడవకూడదు, గాలికి ఆరనివ్వాలి. పొక్కులు మెత్తబడి ఏడు నుంచి పది రోజుల్లో వాటంతటవే రాలాలి. తొందరపడి గీకితే ఏమవుతుందో పైన మీరే రాశారు. భయపడి నీళ్ళే పోయకపోతే పొక్కులు దళసరిగా గట్టిపడి కింద చీము పట్టొచ్చు.

గ్రాఫ్ట్_లెక్క
దానికి వీడియో ఉంది. శనివారం సాయంత్రం మొదటి వాష్ క్లినిక్‌లోనే చేసి చూపించి పంపొచ్చు. దీనికోసం పది రోజులు ఆపుతారా? ఆ అద్దె, ఆ సెలవు ఎవరిస్తారు?

డ్రెస్సింగ్_రూమ్
పది రోజులు అని నేనెక్కడన్నాను? మీరు వాదించేది నాతో కాదు, ఎవరో అన్న మాటతో! పేషెంటు ఎక్కేశాక ఫోటోలు వచ్చేది మా ఫోన్‌కు. ఫోటోలో వేడి తెలియదు, వాసన తెలియదు. నాటిన చోట చర్మం నల్లబడుతుంటే అది ఎండిన రక్తమో, రక్తం అందక చచ్చిపోతున్న చర్మమో చెయ్యి పెట్టి చూడకుండా చెప్పలేం. డబ్బు తీసుకున్నవాళ్ళు ఆదివారం ఎక్కేయమనేది మీ ప్రెజర్ లెక్క చదివి కాదు. సోమవారం ఆ కుర్చీ ఇంకొకరికి కావాలి, అంతే. పేషెంటు దేశం దాటితే మళ్ళీ చూడాల్సిన పని ఉండదు.

గ్రాఫ్ట్_లెక్క
ఇప్పుడు అసలు సంగతికి వచ్చారు. నా కోపమూ అదే, కానీ తిరగేసి. ఎనిమిది నెలలకు వెంట్రుకలు రాకపోతే క్లినిక్ చెప్పే మొదటి మాట "మీరు తొందరపడి ఫ్లైట్ ఎక్కారు" అని. గ్రాఫ్టులు చల్లటి సెలైన్‌లో ఉండకుండా గాజుగుడ్డ మీద ఎండిపోయి ఉండొచ్చు. ఫోర్సెప్స్ (పట్టకారు)తో వేరు నలిగి ఉండొచ్చు. అనుభవం లేని టెక్నీషియన్ మొత్తం పని చేసి, డాక్టర్ సంతకానికి వచ్చి ఉండొచ్చు. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ శస్త్రచికిత్స శిక్షణ ఉన్న డాక్టరే చేయాలని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. అవన్నీ వదిలేసి నింద విమానం మీద పడుతుంది. "ఎగరడం ప్రమాదం" అని మనం రాసే ప్రతి మాటా వాళ్ళకు సాకు అవుతుంది. అందుకే ఈ ప్రెజర్ మాట వదలను.

డ్రెస్సింగ్_రూమ్
టెక్నీషియన్ అనగానే చులకన చేయకండి. 2,500 గ్రాఫ్టులు మైక్రోస్కోప్ కింద చూసి ఏరిపెట్టేది వాళ్ళే. మిగతాది ఒప్పుకుంటాను. కానీ సాకు దొరుకుతుందని పేషెంటును రెండో రోజే పంపడానికి నేను ఒప్పుకోను.

కరీంనగర్_మస్కట్
అయితే బుధవారం టికెట్ అనుకుందాం. వెళ్ళేముందు క్లినిక్‌ను ఏం అడగాలి?

డ్రెస్సింగ్_రూమ్
రెండు వాష్‌లు అక్కడే, రెండోది మీ చేత్తో మీరే చేసి సిస్టర్‌కు చూపించాలి. ఎన్ని గ్రాఫ్టులు, ఎవరు చేశారు, ఏ మందులు ఇచ్చారు అన్నది లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. రాత్రిపూట ఫోన్ ఎత్తే డాక్టర్ నంబర్ తీసుకోండి, రిసెప్షన్‌ది కాదు. రక్తం కారితే శుభ్రమైన గాజుగుడ్డతో పది నిమిషాలు కదలకుండా నొక్కి పట్టండి. రక్తం లేకుండా వెంట్రుక మాత్రమే రాలితే గ్రాఫ్టు పోయినట్టు కాదు. రెండు వారాల తర్వాత అలా చాలానే రాలతాయి, మూడు నాలుగు నెలలకు మళ్ళీ వస్తాయి. నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగినా, జ్వరం వచ్చినా అక్కడే ఆసుపత్రికి పోండి, వాట్సాప్ కోసం ఆగకండి. ఇంటికి పోయాక పెద్దవాళ్ళు తలమీద చెయ్యి పెట్టి దీవించబోతే భుజం చూపించండి.

గ్రాఫ్ట్_లెక్క
బుధవారానికి నాకు అభ్యంతరం లేదు. ఆ లెటర్‌లో "విమాన ప్రయాణం వల్ల కలిగే నష్టానికి బాధ్యత లేదు" అన్న వాక్యం ఉంటే మాత్రం, కొట్టేయించాకే సంతకం పెట్టండి.