18 కిలోమీటర్లు, 1100 మీటర్ల ఎక్కుడు: ఉదయం 9కి బయల్దేరితే సరిపోతుందా?

కొత్తనడక:
నలుగురం ఒక శిఖరం ఎక్కి, అదే దారిన దిగాలనుకుంటున్నాం. పోను 9, రాను 9, మొత్తం 18 కిలోమీటర్లు. ఎక్కాల్సింది 1100 మీటర్లు, అందులో 450 మీటర్లు చివరి 2 కిలోమీటర్లలోనే ఉంది. 4వ కిలోమీటరు దగ్గర మ్యాపులో వాగు కనిపిస్తోంది. యాప్ ఐదున్నర గంటలంటోంది. చీకటి పడేది సాయంత్రం 6 తర్వాతే కాబట్టి 9కి మొదలుపెడితే చాలు కదా? మనిషికి ఎన్ని లీటర్ల నీళ్లు మోయాలి? మాలో ఇద్దరికి కొండెక్కడం ఇదే మొదలు. చదునులో మాత్రం 10 కిలోమీటర్లు తేలిగ్గా నడుస్తారు.

కాంటూరుగీత:
చాలదండి. యాప్ చెప్పింది తప్పు కాదు గానీ, అది ఆగకుండా నడిచే మనిషి లెక్క. నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: గంటకు సుమారు 5 కిలోమీటర్లు, పైగా ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు 10 నిమిషాలు. 18 కిలోమీటర్లకు 3 గంటల 36 నిమిషాలు, 1100 మీటర్లకు గంటా 50. కలిపితే 5 గంటల 26 నిమిషాలు. మీ యాప్ చెప్పిందీ అంతే కదా!

వీపున బ్యాగు, పక్కన కొత్తవాళ్లు ఉన్నప్పుడు గంటకు 4 కిలోమీటర్లే వేసుకోండి. పైకి 9 కిలోమీటర్లకు 2 గంటల 15 నిమిషాలు, ఎత్తుకు గంటా 50, విరామాలకు 40 నిమిషాలు, అంటే 4 గంటల 45 నిమిషాలు. పైన తినడానికి అరగంట. దిగడానికి 2 గంటల 15 నిమిషాలు, విరామాలకు 20 నిమిషాలు. ఆ చివరి 2 కిలోమీటర్లు నిటారు కాబట్టి దిగేటప్పుడూ వేగం రాదు, దానికో 15 నిమిషాలు కలపండి. మొత్తం 8 గంటల 5 నిమిషాలు. 9కి బయల్దేరితే కిందికి చేరేది 5 దాటాక. ఒకరి చీలమండ మడతపడిందా, చివరి కిలోమీటర్లు చీకట్లోనే. 6.30కి బయల్దేరితే 2.35కి దిగిపోతారు. మధ్యాహ్నం ఉరుములు వచ్చే కాలమైతే గట్టు మీద నుంచి ముందే దిగిపోవడానికీ అదే మంచిది.

ఇంకొకటి చూసుకోండి. ఆ 1100 శిఖరం ఎత్తులోంచి మొదలయ్యే చోటి ఎత్తు తీసేస్తే వచ్చిందా, దారిలో ఉన్న ఎక్కుళ్లన్నీ కూడితే వచ్చిందా? మధ్యలో ఒక లోయలోకి 120 మీటర్లు దిగి మళ్లీ ఎక్కాల్సి ఉంటే, మొదటి పద్ధతిలో అది లెక్కలోకే రాదు. పైగా తిరిగొచ్చేటప్పుడు అదే లోయ మళ్లీ ఎక్కాలి, అలసిపోయిన కాళ్లతో. 20 మీటర్లకొక కాంటూర్ గీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) ఉన్న మ్యాపులో అంతకన్నా చిన్న ఎగుడుదిగుళ్లు అసలు కనిపించకపోవచ్చు.

బరువుతక్కువ:
నీళ్ల సంగతి. మామూలు ఎండలో గంటకు అర లీటరు, ఎండ ముదిరితే ముప్పావు లీటరు. 8 గంటలకు 4 లీటర్లంటే 4 కిలోలు, అదంతా మొదటి అడుగు నుంచే మోయక్కర్లేదు. వాగు దాకా 1 లీటరు, అక్కడ 3 లీటర్లు నింపుకుని పైకి. వాగు నుంచి శిఖరానికి పోయి మళ్లీ వాగుకు వచ్చేసరికి ఐదు గంటలు పైనే.

కానీ ఆ వాగు మ్యాపులో నిండు నీలి గీతా, మధ్యమధ్యలో తెగిన గీతా? తెగిన గీత చాలా మ్యాపుల్లో వానాకాలంలో మాత్రమే పారే వాగుకు గుర్తు, ఆ మ్యాపు గుర్తుల పట్టికలో చూడండి. అనుమానం ఉంటే 4 లీటర్లూ కింది నుంచే. పారే నీళ్లే కదా అని నేరుగా తాగొద్దు. బురదగా ఉంటే గుడ్డతో వడకట్టాకే క్లోరిన్ బిళ్ల వేయండి, మురికి ఉంటే బిళ్ల సరిగ్గా పనిచేయదు. సాధారణంగా అరగంట ఆగాలి, నీళ్లు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. ప్యాకెట్ మీద రాసిన సమయమే పాటించండి. అందుకే వాగు దగ్గర ఆగగానే సీసాలు నింపి బిళ్లలు వేసేయాలి, తిండి ఆ తర్వాత.

గంటల తరబడి ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు వస్తాయి. అది నీళ్లు చాలక అనుకుని ఇంకా తాగిస్తే ప్రమాదం. ఉప్పు ఉన్న చిరుతిండి గంటకోసారి తినండి, దాహాన్ని బట్టి తాగండి.

కొత్తనడక:
థాంక్సండి, 6.30కే బయల్దేరతాం. ఆలస్యమవుతోందని దారిలో ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో జీపీఎస్ ఉంది, మ్యాపు కాగితం మీద కూడా కావాలా?

కాంటూరుగీత:
వాగు దగ్గరే తెలిసిపోతుంది. అక్కడికి ఎక్కుడు 300 మీటర్లనుకుంటే, 4 కిలోమీటర్లకు గంట, ఎత్తుకు 30 నిమిషాలు, విరామం 10 నిమిషాలు. అంటే 8.10. మీరు 8.50కి చేరారనుకోండి, అనుకున్న గంటా 40 నిమిషాలకు 40 శాతం ఎక్కువ పట్టినట్టు. ఎక్కడం పోనుపోను నిటారవుతుంది కాబట్టి మిగిలిన దారిలో వేగం పుంజుకోదు. అదే తీరులో శిఖరం చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. వెనక్కి తిరిగే సమయం 12.30 అని ఇంట్లోనే రాసుకోండి. శిఖరం కనిపిస్తున్నా సరే, 12.30కి తిరగాలి. కొండమీద కూర్చుని ఆ నిర్ణయం తీసుకుంటే ప్రతిసారీ "ఇంకో పది నిమిషాలే" అనిపిస్తుంది. నలుగురిలో ఎవరు తిరుగుదామన్నా మిగతావాళ్లు వాదించొద్దని కూడా ముందే ఒప్పుకోండి.

మ్యాపు కాగితం మీద కావాలి. ఫోన్‌లో మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది, సిగ్నల్ కోసం వెతుకుతూ బ్యాటరీ తగలెట్టదు. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, ఫోన్ లోపలి జేబులో ఉంచాలి.

దిగుడుమోకాలు:
అందరూ ఎక్కుడు గురించే చెబుతారు. గోళ్లు నల్లబడేదీ మోకాళ్లు పట్టేసేదీ దిగేటప్పుడు. బూట్లు వేసుకుని వాలు మీద కిందికి నడిచి చూడండి, వేళ్లు ముందు తగిలితే ఆ సైజు పనికిరాదు. శిఖరం మీద, దిగడానికి ముందు, లేసులు విప్పి చీలమండ దగ్గర బిగించి కట్టుకోండి. మడమ కదలకపోతే పాదం ముందుకు జారదు. ఎక్కడైనా చర్మం మండుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆగి టేపు వేయాలి, పొక్కు లేచాక టేపు వేసినా నొప్పి పోదు.

పైన కింద కన్నా సుమారు 7 డిగ్రీలు చలి, గాలి వేరే. చెమటకు తడిసిన నూలు బనియన్ ఒంటికి అంటుకుని వణికిస్తుంది. సింథటిక్ బనియన్ వేసుకుని, గాలి ఆపే జాకెట్ ఒకటి బ్యాగులో పెట్టుకోండి. పగలే వచ్చేస్తామనుకున్నా మనిషికొక హెడ్‌ల్యాంప్ ఉండాలి, నలుగురికీ కలిపి ఒకటి కాదు. ఒక ఈల కూడా: నిమిషంలో 6 సార్లు ఊది నిమిషం ఆగితే సాయం కావాలని అర్థం, 3 సార్లు ఊదితే అందిందని జవాబు. మీ దారి, తిరిగొచ్చే సమయం, ఎన్నింటికి ఫోన్ రాకపోతే సాయానికి కబురు పెట్టాలో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి.