చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ: వయొలిన్లు ఎదురెదురుగా ఉన్న రికార్డింగ్ ఏది?

నెల రోజులుగా రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ (నాలుగు భాగాల ఆర్కెస్ట్రా రచన, 1893) రోజూ వింటున్నాను. రెండో భాగం ఐదు మాత్రల నడక. ఖండచాపు అలవాటైన చెవికి వెంటనే పట్టుబడింది. నన్ను వదలనిది మాత్రం చివరి భాగం. మూడో భాగంలోని మార్చ్ (కవాతు సంగీతం) అంత ఆర్భాటంగా ముగిశాక, ఒక్కసారిగా ఏడుపులా దిగే ఆ మొదటి స్వరాలు! స్కోర్ (అన్ని వాద్యాల స్వరలిపి) తెరిచి చూస్తే ఆ మెలొడీ ఎవరి దగ్గరా పూర్తిగా లేదు. ఆర్కెస్ట్రాలో వయొలిన్లు రెండు బృందాలు కదా, ఒక స్వరం మొదటి వయొలిన్లది, తర్వాతది రెండో వయొలిన్లది. రెండూ కలిసి మన చెవిలోనే పాటవుతాయి.

నా దగ్గరున్న రికార్డింగ్‌లో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా, అంతా ఎడమవైపు నుంచే వస్తోంది. రెండు వయొలిన్ బృందాలూ ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్‌కి అటూ ఇటూ కూర్చుని వాయించిన రికార్డింగ్ తెలిస్తే దయచేసి చెప్పండి. అలా విన్నవాళ్లున్నారా? అప్పుడు ఆ మెలొడీ రెండుగా చీలినట్టు ఉంటుందా, ఒకటిగానే వినిపిస్తుందా?