గంట ప్రయాణానికి ఖరీదైన విమానం ఎందుకు?

అరండల్‌పేట వాసి, గుంటూరు:
నెలకు రెండుసార్లు గన్నవరం నుంచి హైదరాబాదు వెళ్లి వస్తాను. విమానం పైకెక్కడానికి, కిందికి దిగడానికి పట్టే సమయం పోగా గాలిలో మిగిలేది అరగంట. ఆ అరగంటలో భోజనం పళ్లెం పెట్టి తీయడానికి ఎయిరిండియా వంటి పెద్ద సంస్థలు టికెట్టు మీద అదనంగా తీసుకోవడం నాకు న్యాయంగా తోచదు. 2021లో ఏప్రిల్ నుంచి నవంబరు దాకా రెండు గంటల లోపు ప్రయాణాల్లో భోజనం పెట్టవద్దని కేంద్రమే ఆపింది. అప్పుడు లేని భోజనం ఇప్పుడెందుకు? చిన్న దూరాలను చవక సంస్థలకే వదిలేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

బెంజి సర్కిల్ వాసి, విజయవాడ:
అన్నం కోసం ఎవరూ విమానం ఎక్కరండీ. నిరుడు మా చెల్లెలి పురుటికి మా అమ్మ గన్నవరం నుంచి ఢిల్లీ మీదుగా ఒకే పెద్ద సంస్థ టికెట్టు మీద అమెరికా వెళ్లింది. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. సున్నుండలు, కారప్పొడి, బాలింతకు పెట్టే కాయం అన్నీ వాటిలోనే. గన్నవరంలో అప్పగించిన పెట్టెలను మళ్లీ అమెరికాలో దిగాకే చూసింది. అదే ఢిల్లీ దాకా చవక టికెట్టు విడిగా కొని ఉంటే 15 కిలోలు దాటిన ప్రతి కిలోకూ రుసుము కట్టాలి, ఢిల్లీలో పెట్టెలు దింపుకుని మళ్లీ వరుసలో నిలబడాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు పూచీ ఉండదు. డెబ్బై ఏళ్ల మనిషి ఆ పాట్లు పడగలదా? బందరు కాలువ విలువను అందులోని నీళ్లతో లెక్కకట్టం, దాని కింద పండిన పొలంతో కడతాం. పెద్ద సంస్థకు గన్నవరం విమానం అలాంటి కాలువే, దూరపు విమానాలకు ప్రయాణికులను చేరవేస్తుంది.

కొత్తపేట వాసి, గుంటూరు:
కాలువ పోలిక బాగుంది గానీ, పొలం చేరని కాలువలూ ఉన్నాయి. 2003లో చవక సంస్థ ఎయిర్ డెక్కన్ వచ్చి ధరలు విరగ్గొట్టింది. 2007లో కింగ్‌ఫిషర్ దాన్ని కొంది, జెట్ ఎయిర్‌వేస్ ఎయిర్ సహారాను కొంది. ఒకే ఇంట్లో ఖరీదు పేరు, చవక పేరు. ప్రయాణికుడు చవక వైపు జరిగితే ఖాళీ అయ్యేది తమ సీట్లే కదా! కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019లో ఆగిపోయాయి. అప్పులు, ఇంధనం ధర కూడా కారణాలే, కాదనను. ఇప్పుడు ఎయిరిండియా కూడా ఎక్స్‌ప్రెస్ పేరుతో చవక టికెట్లకు రెండో వాకిలి తెరిచి ఉంచింది. మరోపక్క 2024 నవంబరులో చవక సంస్థ ఇండిగో ఢిల్లీ–ముంబయి మధ్య వెడల్పైన సీట్లు పెట్టింది. కింది నుంచి పైకి ఎక్కుతున్న వాడితోనే అసలు పోటీ.

సత్యనారాయణపురం వాసి, విజయవాడ:
పళ్లెం ఖర్చు చిన్నది, సీట్ల లెక్క పెద్దది. ఒకే ఏ320 విమానంలో ఇండిగో 180 లేదా 186 మందిని కూర్చోబెడుతుంది. ఎయిరిండియా మూడు తరగతులు పెడితే 164 మందే. ఇంధనం అంతే, పైలట్లూ అంతే. ఐరోపాలో పెద్ద సంస్థలు చిన్న దూరాల్లో వేరే సీట్లే పెట్టవు. మధ్య సీటు ఖాళీగా వదిలి దాన్నే బిజినెస్ తరగతి అంటాయి. గిరాకీని బట్టి రెండు తరగతుల మధ్య తెరను ముందుకో వెనక్కో జరుపుతాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2017లో చిన్న దూరాల ఎకానమీలో ఉచిత ఆహారం మాని అమ్మకం మొదలుపెట్టింది. మన సంస్థలకు ఆ దారి ఎందుకు పనికిరాదు?

అరండల్‌పేట వాసి, గుంటూరు:
బెంజి సర్కిల్ గారూ, అమ్మగారి పెట్టెల విషయం నాకు తట్టలేదు. వదిలేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ హైదరాబాదులోనే దిగిపోయే నావంటి వాడికి పనికొచ్చేది వేళలే. పొద్దున్నే వెళ్లి రాత్రికి ఇల్లు చేరే విమానం కావాలి. గుంటూరు నుంచి గన్నవరం చేరడానికే గంటన్నర. సాయంత్రం విమానం రద్దయితే 275 కిలోమీటర్లు రోడ్డు మీద రావాలి. మాట తప్పకుండా ఆ రెండు వేళల్లో నడిపే సంస్థకు వెయ్యి ఎక్కువైనా ఇస్తాను, మంచినీళ్లు కూడా ఇవ్వకపోయినా సరే.