‘పన్నుగ బల్నాటి సీమ’: ఈ ‘పన్నుగ’ ఏమిటి?

మెట్టపొలం: శ్రీనాథుడి పేరు మీద తిరిగే చాటువుల్లో (విడి పద్యాల్లో) జొన్నల పద్యం ఒకటే సతాయిస్తోంది. ‘సన్నన్నము సున్న సుమీ’ దాకా గడగడా వచ్చేస్తుంది. ఆ తర్వాత ‘ఎన్నగ’నా, ‘పన్నుగ’నా? పన్నుగ అయితే ఆ మాటకి అక్కడేం పని?

కందం ప్రియుడు: పన్నుగే.

జొన్నకలి జొన్నయంబలి
జొన్నన్నము జొన్నపిసరు జొన్నలె తప్పన్
సన్నన్నము సున్న సుమీ
పన్నుగ బల్నాటి సీమ ప్రజలందరకున్

‘ఎన్నగ’ అంటే ప్రాస నిలుస్తుంది గానీ ‘ప్రజ’తో యతి పోతుంది. ఇక అర్థమంటారా, ‘చక్కగా, ఒప్పుగా’. పాదం నింపడానికి వేసిన మాట. అంతకు మించి తవ్వకండి.

తాళపత్రం: తవ్వకపోతే గ్రూపు ఎందుకు మాస్టారూ? ఊరందరికీ అన్నం సున్న అని చెబుతూ ‘చక్కగా’ అంటాడా? నా లెక్కలో అది శిస్తు. పండిన కాసిన్ని సన్నబియ్యం పన్నుగా పోయాయి, జనానికి జొన్నలు మిగిలాయి.

కందం ప్రియుడు: ‘బల్నాటి’లో బ చూశారా? పన్నుగన్ ద్రుతాంతం (చివర ‘న్’ ఉన్న మాట) కాబట్టే ప కాస్తా బ అయింది. అంటే క్రియావిశేషణం.

తాళపత్రం: ‘శిస్తుగాన్’ అన్నా ద్రుతమే కదండీ! బ మీకెంత సాక్ష్యమో నాకూ అంతే. పైగా శ్రీనాథుడికి పన్నుల బాధ తెలియనిదా? ‘కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము, బిలబిలాక్షులు తినిపోయె తిలలు పెసలు’ అని ఏడ్చి, ఏడునూర్ల టంకాలు ఎట్లా కట్టేదని అడిగినవాడు. వరద ఒక వంక, పిట్టలు ఒక వంక, వసూలుదారు ఇంకో వంక.

నాగులేరు: అది బొడ్డుపల్లె గుత్త (కౌలు) బాకీ. పన్నుకీ గుత్తకీ తేడా చూడాలి. అయినా దాని తోడుగా చెప్పుకునే ఇంకో సీసం ఎత్తుకుంటే ఇంకేదీ చదవబుద్ధి కాదు. ‘కాశికా విశ్వేశు గలసె వీరారెడ్డి’ అని పోయిన పోషకుణ్ణి తలుచుకుంటుంటే గొంతు పట్టేస్తుంది.

ఇక అసలు సంగతి. పల్నాట్లో ఆ రోజుల్లో పన్నుగా పోయేంత వరి ఎక్కడిది? వానలు తక్కువ, మెట్ట నేల, కింద నాపరాయి. నాగులేరు వానాకాలపు ఏరు. జొన్న అయితే ఎండని ఓర్చుకుంటుంది, వాన వెనకబడితే ఎదుగుదల ఆపుకుని పదును తగలగానే మళ్ళీ లేస్తుంది. గింజ మనిషికి, చొప్ప గొడ్డుకి. ఇంట్లో తిండి, కొట్టంలో పశువులు, గింజ దాచుకునే పాతర అన్నీ ఆ పంట చుట్టూ అల్లుకున్నవే. వచ్చినవాడికి అది వెటకారంగా కనబడింది. ఉన్నవాళ్ళకి అది తెలివైన ఏర్పాటు. అందుకే ‘పన్నుగ’ అంటే ‘ఏర్పాటుగా’ అంటాను. వ్యూహం పన్నడంలో ఉన్న పన్ను ఇదే.

తాళపత్రం: మూడో పన్ను దిగింది! పళ్ళ పన్ను కూడా ఎవరైనా తెస్తే పూర్తవుతుంది.

మెట్టపొలం: నాగులేరు గారూ, ఆ ఏర్పాటు ఇప్పుడెక్కడుంది? 1955 డిసెంబరు 10న నాగార్జున సాగర్‌కి శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న కాలువలకి నీళ్ళు. కుడి కాలువ కింద వరి వచ్చింది, పత్తి, మిరప వచ్చాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్ట ఊళ్ళలోనూ జొన్నన్నం వెనక్కి పోయింది. చొప్ప బదులు వరిగడ్డి. కాలువ పక్కన ఊటెక్కిన నేలలో పాతర తీసి గింజ దాచమనండి చూద్దాం! చివరి భూముల్లో మాత్రం నీళ్ళ కోసం పాత ఎదురుచూపులే.

నాగులేరు: ఆ సాగర్ నీళ్ళ కిందే విజయపురి మునిగింది, మరచిపోకండి. ఇక్ష్వాకుల రాజధాని. కృష్ణ ఒడ్డున రాతి మెట్ల రేవు కట్టుకున్న ఊరు. శ్రీనాథుడు పుట్టడానికి వెయ్యేళ్ళ ముందే అక్కడ వైభవం వెలిగి ఆరింది. కాబట్టి ‘ఆ నేల ఎప్పుడూ అంతే’ అని చాటువుని పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

సున్నపుబట్టీ: ‘సున్న’ని ఎవరూ పట్టించుకోలేదేం? పిడుగురాళ్ళ పేరు చెబితే గుర్తొచ్చేది సున్నమే. ‘నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు’ అని ఇంకో పల్నాటి చాటువులో ఈసడించిన ఆ నాపరాయీ సున్నపురాయి జాతే. ఇప్పుడు దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నది సున్నపురాయి మీదే. సన్నన్నము లేదు, సున్నము ఉంది!

కందం ప్రియుడు: శ్లేష బాగుంది గానీ శ్రీనాథుడికి అంటగట్టకండి. ఆ మాటకొస్తే ఈ రెండు పల్నాటి చాటువులూ ఆయనవే అనడానికి నోటిమాట తప్ప ఆధారం లేదు.

తాళపత్రం: ఆయనవి కాకపోతే ఇంకా మంచిది. పల్నాటి వాడే తన మీద తాను వేసుకున్న జోకు అయితే ‘పన్నుగ’లో వెక్కిరింపు నిండుగా పలుకుతుంది. అయినా నా శిస్తు నేను వదలను.

మెట్టపొలం: 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించినప్పటి నుంచి జొన్నరొట్టె గొప్పింటి వంటకమైంది. సన్నన్నం చవక, జొన్న ఖరీదు. పద్యాన్ని తిరగరాయాలేమో.

కందం ప్రియుడు: రాయండి, యతి నేను చూస్తాను.

నాగులేరు: పన్నుగ సంగతి తేలలేదు, సరే. మొదటి పాదంలో ‘కలి’ గురించి ఎవరూ అడగరేం? పులిసిన గంజి అంటారు కొందరు. నాకు మాత్రం తమిళుల ‘కళి’, అంటే గట్టి సంకటి అనిపిస్తోంది. పక్కనే పల్చటి అంబలి ఉండగా మళ్ళీ గంజి ఎందుకు?

తాళపత్రం: గంజే. రేపు పొద్దున రుజువు పెడతాను.