సొంతంగా కంపైల్ చేసిన కెర్నెల్‌లో డిస్క్ పాస్‌వర్డ్ దగ్గర యూఎస్‌బీ కీబోర్డ్ పలకడం లేదు: హోస్ట్ కంట్రోలర్ డ్రైవర్లను ఎలా అమర్చుకోవాలి?

ప్రశ్న

నమస్కారం. లినక్స్ 6.6 కెర్నెల్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేసి వాడుతున్నాను. రూట్ విభజన మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉండటం వల్ల బూట్ మధ్యలో పాస్‌వర్డ్ టైప్ చేయాల్సి ఉంటుంది. గ్రబ్ మెనూలో యూఎస్‌బీ కీబోర్డ్ ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది. బాణం మీటలతో కెర్నెల్‌ను ఎంచుకోగలుగుతున్నాను. తీరా పాస్‌వర్డ్ అడిగే చోటికి వచ్చేసరికి ఏ మీట నొక్కినా స్పందన ఉండదు, క్యాప్స్ లాక్ దీపం సైతం వెలగదు. అదే కెర్నెల్‌ను ఎన్‌క్రిప్ట్ చేయని మరో విభజన నుంచి బూట్ చేస్తే మాత్రం లాగిన్ దగ్గర కీబోర్డ్ మామూలుగానే పనిచేస్తోంది.

రూట్ విభజన తెరుచుకునే ముందు కెర్నెల్ వాడుకునే చిన్న తాత్కాలిక ఫైల్ వ్యవస్థ అయిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను ఏ సాధనమూ వాడకుండా నేనే తయారు చేసుకుంటున్నాను, అందులో పరికరాలకు తగిన డ్రైవర్లను తానే లోడ్ చేయించే యూడెవ్ లేదు. యూఎస్‌బీకోర్, ఎక్స్‌హెచ్‌సీఐ_హెచ్‌సీడీ (యూఎస్‌బీ 3 తరం కంట్రోలర్‌కు), హెచ్‌ఐడీ (కీబోర్డ్, మౌస్ వంటివాటికి), యూఎస్‌బీహెచ్‌ఐడీ మాడ్యూళ్లను, అంటే విడిగా లోడ్ చేసే డ్రైవర్ ముక్కలను, అందులో చేర్చి, ఇనిట్ స్క్రిప్ట్‌లో మోడ్‌ప్రోబ్‌తో లోడ్ చేస్తున్నాను. పాస్‌వర్డ్ అడిగే ముందు, లోడ్ అయిన మాడ్యూళ్లను చూపే ఎల్‌ఎస్‌మాడ్ ఫలితం తెరపై కనిపించేలా స్క్రిప్ట్ మార్చి చూశాను: నాలుగు మాడ్యూళ్లూ లోడ్ అయ్యే ఉన్నాయి, పొరపాటు సందేశం ఒక్కటీ లేదు.

కెర్నెల్ ఎంపికల మెనూ అయిన మెనూకాన్ఫిగ్‌లో హోస్ట్ వైపు యూఎస్‌బీ సపోర్ట్, ఎక్స్‌హెచ్‌సీఐ సపోర్ట్ రెండూ "ఎం"గా (విడి మాడ్యూల్‌గా) ఉన్నాయి. ఎక్స్‌హెచ్‌సీఐని "వై" (కెర్నెల్ ఇమేజ్‌లోనే భాగం) చేద్దామని స్పేస్ బార్ నొక్కితే "ఎం"కూ ఖాళీకీ మధ్యే తిరుగుతోంది తప్ప నక్షత్రం గుర్తు రావడం లేదు. దీనికి కారణమేమిటి? పాత తరాల యూఎస్‌బీ కంట్రోలర్లకు చెందిన ఓహెచ్‌సీఐ, యూహెచ్‌సీఐ, ఈహెచ్‌సీఐలను కూడా ఎంచుకోవాలా? పీసీఐ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐలో నాకు ఒకే ఒక యూఎస్‌బీ కంట్రోలర్ కనిపిస్తోంది.

మొదటి సమాధానం

మీరు ఇచ్చిన వివరాల్లోనే జవాబు ఉంది. లోడ్ అయిన నాలుగు మాడ్యూళ్లలో మీ కంట్రోలర్‌ను నిజంగా పట్టుకునే మాడ్యూల్ ఒక్కటీ లేదు.

ఎక్స్‌హెచ్‌సీఐ_హెచ్‌సీడీ అన్నది ఆ కంట్రోలర్‌తో ఎలా మాట్లాడాలో తెలిసిన సాధారణ భాగం మాత్రమే. కమాండ్ రింగ్, ఈవెంట్ రింగ్, ట్రాన్స్‌ఫర్ రింగ్‌ల నిర్వహణ అంతా అందులో ఉంటుంది గానీ, పీసీఐ బస్ మీద "ఈ పరికరం నాది" అని నమోదు చేసుకునే పని దానిది కాదు. ఆ పని ఎక్స్‌హెచ్‌సీఐ_పీసీఐ అనే విడి మాడ్యూల్ చేస్తుంది. పీసీఐ లేని చిన్న బోర్డుల్లో ఇదే పని ఎక్స్‌హెచ్‌సీఐ ప్లాట్‌ఫామ్ డ్రైవర్ చేస్తుంది కాబట్టే ఈ విభజన. ఎక్స్‌హెచ్‌సీఐ_పీసీఐని లోడ్ చేస్తే అది హెచ్‌సీడీని తనతో పాటు తెచ్చుకుంటుంది. హెచ్‌సీడీని లోడ్ చేస్తే పీసీఐ భాగం దానంతటది రాదు. ఆధారం ఎప్పుడూ ఒకే దిశలో ఉంటుంది. అందుకే మోడ్‌ప్రోబ్ నిశ్శబ్దంగా విజయవంతమైంది, బస్ మాత్రం పుట్టలేదు. నిర్ధారించుకోవాలంటే స్క్రిప్ట్‌లో అదే చోట, కెర్నెల్ తన పరికరాల వివరాలను చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లోని యూఎస్‌బీ బస్ కింద ఉన్న డివైసెస్ డైరెక్టరీని ముద్రించి చూడండి. అది ఖాళీగా ఉంటుంది. పీసీఐ భాగం పని మొదలుపెట్టాక అక్కడ యూఎస్‌బీ1, యూఎస్‌బీ2 అని రెండు రూట్ హబ్‌లు కనిపించాలి, ఎందుకంటే ఒకే ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలర్ యూఎస్‌బీ 2 వేగాలకు ఒక బస్‌ను, యూఎస్‌బీ 3 వేగాలకు మరొక బస్‌ను నమోదు చేస్తుంది.

అంతటితో అయిపోదు. యూఎస్‌బీహెచ్‌ఐడీ కీబోర్డ్ నుంచి రిపోర్ట్‌లను తెచ్చి హెచ్‌ఐడీ పొరకు అప్పగిస్తుంది, కానీ ఆ పొర మీద కీబోర్డ్‌కు ఒక డ్రైవర్ జత కావాలి. సాధారణ కీబోర్డ్‌లకు అది హెచ్‌ఐడీ_జెనరిక్. కొన్ని వైర్‌లెస్ రిసీవర్లకు తయారీదారు పేరుతో ఉన్న ప్రత్యేక మాడ్యూల్ అవసరం. పూర్తి సిస్టమ్‌లో ఈ రెండు ఖాళీలనూ యూడెవ్ మోడ్‌అలియాస్ (పరికరానికి తగిన మాడ్యూల్‌ను వెతకడానికి వాడే గుర్తింపు) చూసి తానే పూరిస్తుంది, కాబట్టి లాగిన్ దగ్గర మీకు సమస్య కనిపించలేదు. మీ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో యూడెవ్ లేదు కనుక ఎక్స్‌హెచ్‌సీఐ_పీసీఐ, హెచ్‌ఐడీ_జెనరిక్‌లను మీరే పేరు పెట్టి లోడ్ చేయాలి.

ఇక గ్రబ్‌లో ఎందుకు పనిచేసిందంటే, అక్కడ కీబోర్డ్‌ను నడిపేది ఫర్మ్‌వేర్, లినక్స్ కాదు. కెర్నెల్ మొదలయ్యాక పీసీఐ పరికరాలను లెక్కించే దశలోనే, డ్రైవర్ లోడ్ అయినా కాకపోయినా, యూఎస్‌బీ కంట్రోలర్లను ఫర్మ్‌వేర్ చేతిలోంచి తీసేసుకుంటుంది. ఆ క్షణం నుంచి సరైన డ్రైవర్ వచ్చేదాకా కంట్రోలర్‌ను చూసుకునేవారు ఎవరూ ఉండరు.

రెండో సమాధానం

పై వివరణ సరైనదే. అయితే పాస్‌వర్డ్ టైప్ చేయడానికి తప్పనిసరి అయిన డ్రైవర్లను మాడ్యూళ్లుగా ఉంచి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ జాబితాను చేత్తో కాపలా కాయడం నాకు నచ్చని పద్ధతి. ఒకే యంత్రం కోసం కెర్నెల్ కంపైల్ చేసుకునేవారు వాటిని "వై"గా పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. వేల రకాల యంత్రాల మీద నడవాల్సిన డిస్ట్రిబ్యూషన్ కెర్నెల్‌కు మాడ్యూళ్లు తప్పవు. మీకు ఆ అవసరం లేదు.

మీకు నక్షత్రం రాకపోవడానికి కారణం, కెర్నెల్ ఎంపికలను నడిపే కేకాన్ఫిగ్ వ్యవస్థలోని నియమం. ఒక ఎంపిక తాను ఆధారపడిన ఎంపిక కంటే పై స్థాయిలో ఉండలేదు. హోస్ట్ వైపు యూఎస్‌బీ సపోర్ట్ "ఎం"గా ఉన్నంతకాలం దాని కింద ఉన్న ఎక్స్‌హెచ్‌సీఐ కూడా "ఎం" దాటదు. కెర్నెల్ ఇమేజ్‌లో ఉన్న కోడ్, ఇంకా లోడ్ కాని మాడ్యూల్‌లోని ఫంక్షన్‌ను పిలవలేదు కదా. ముందుగా పైనున్న యూఎస్‌బీ సపోర్ట్‌ను "వై" చేయండి, ఆ తర్వాత ఎక్స్‌హెచ్‌సీఐని. హెచ్‌ఐడీ మెనూలో కూడా ఇదే వరుస: ముందు హెచ్‌ఐడీ కోర్, తర్వాత జెనరిక్ డ్రైవర్, యూఎస్‌బీ హెచ్‌ఐడీ.

ఇక్కడ తెలియకపోతే చాలాసేపు వెతుక్కోవలసి వచ్చే సంగతి ఒకటుంది. ఎక్స్‌హెచ్‌సీఐ పీసీఐ భాగానికి మెనూలో విడిగా వరుస ఉండదు. అది హెచ్‌సీడీని ఎంచుకుంటే తనంతట తాను విలువ తీసుకునే దాగిన ఎంపిక. మీ 6.6లో దాని విలువ, ఫర్మ్‌వేర్ అవసరమయ్యే రెనెసాస్ కంట్రోలర్ల సపోర్ట్ అనే ఎంపిక మీద కూడా ఆధారపడుతుంది. రెనెసాస్ "ఎం"గా ఉంటే, హెచ్‌సీడీ పక్కన నక్షత్రం ఎంత స్పష్టంగా మెరుస్తున్నా, పీసీఐ భాగం "ఎం"గానే మిగిలిపోతుంది. మెనూ చూసి అంతా సిద్ధమనుకుంటారు, కీబోర్డ్ మాత్రం మళ్లీ మూగబోతుంది. మీ దగ్గర రెనెసాస్ కంట్రోలర్ లేకపోతే ఆ ఎంపికను పూర్తిగా తీసేయండి. సేవ్ చేశాక మెనూను నమ్మకుండా, ఎంపికలు భద్రమయ్యే డాట్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఎక్స్‌హెచ్‌సీఐ అనే మాట ఉన్న వరుసలను గ్రెప్‌తో తీసి, ప్రతి దాని చివర ఉన్న అక్షరాన్ని కళ్లారా చూసుకోండి.

రెనెసాస్ కంట్రోలరే ఉంటే కథ వేరు. "వై" చేసిన డ్రైవర్ రూట్ మౌంట్ కాకముందే ఫర్మ్‌వేర్ ఫైల్‌ను అడుగుతుంది కాబట్టి, ఆ ఫైల్‌ను ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోనైనా కెర్నెల్ ఇమేజ్‌లోనైనా చేర్చాలి.

మిగతా మూడు కంట్రోలర్ల విషయం: ఎల్‌ఎస్‌పీసీఐని మరింత వివరంగా చూపమంటే ప్రతి యూఎస్‌బీ కంట్రోలర్ పక్కన ప్రోగ్-ఐఎఫ్ అనే సంఖ్య వస్తుంది. 00 అయితే యూహెచ్‌సీఐ, 10 అయితే ఓహెచ్‌సీఐ, 20 అయితే ఈహెచ్‌సీఐ, 30 అయితే ఎక్స్‌హెచ్‌సీఐ. మీకు 30 ఒక్కటే ఉంటే మిగతా మూడింటినీ నిశ్చింతగా వదిలేయవచ్చు. 1.5 మెగాబిట్ల మౌస్ నుంచి 5 గిగాబిట్ల డిస్క్ దాకా అన్ని వేగాలనూ ఎక్స్‌హెచ్‌సీఐ ఒక్కటే చూసుకుంటుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ ధన్యవాదాలు. ముందుగా ఆ రెండు మాడ్యూళ్లను చేర్చి చూశాను, కీబోర్డ్ పనిచేసింది. తర్వాత అన్నింటినీ "వై"కి మార్చాను. రెనెసాస్ వరుస నిజంగానే "ఎం"గా ఉండి పీసీఐ భాగాన్ని పట్టి ఉంచింది. దాన్ని తీసేశాక డాట్ కాన్ఫిగ్‌లో అన్నీ "వై" అయ్యాయి.

దీనికి అనుబంధంగా మరొక సందేహం. నా దగ్గరున్న పాత యంత్రంలో ప్రోగ్-ఐఎఫ్ 20 ఉన్నవి రెండు, 00 ఉన్నవి అనేకం కనిపిస్తున్నాయి. అక్కడ బూట్ లాగ్‌లో, ఈహెచ్‌సీఐని ఎప్పుడూ యూహెచ్‌సీఐ, ఓహెచ్‌సీఐల కంటే ముందే లోడ్ చేయాలని ఒక హెచ్చరిక వస్తోంది. ఒకసారి గుర్తింపు పొందిన పెన్‌డ్రైవ్ క్షణంలో విడిపోయి, మళ్లీ వేరే బస్ మీద కనిపిస్తోంది. ఇది హార్డ్‌వేర్ లోపమా?

మూడో సమాధానం

లోపం కాదు, లోడింగ్ క్రమం తలకిందులు కావడం. ఈహెచ్‌సీఐ కంట్రోలర్‌కు సెకనుకు 480 మెగాబిట్ల హై స్పీడ్ తప్ప మరో వేగం తెలియదు. 12 మెగాబిట్ల ఫుల్ స్పీడ్, 1.5 మెగాబిట్ల లో స్పీడ్ పరికరాల కోసం ఆ తరం చిప్‌సెట్లలో ప్రతి ఈహెచ్‌సీఐ పక్కన కొన్ని సహచర కంట్రోలర్లను పెట్టేవారు. ఇంటెల్ చిప్‌సెట్లలో అవి యూహెచ్‌సీఐ. ఒక్కొక్కటి రెండేసి పోర్ట్‌లనే చూసుకుంటుంది కాబట్టి మీకు 00 వరుసలు అన్ని కనిపిస్తున్నాయి. బయట కనిపించే సాకెట్ ఒక్కటే, దాని వెనుక కంట్రోలర్లు రెండు. ఈహెచ్‌సీఐ డ్రైవర్ మేల్కొనేదాకా ప్రతి సాకెట్ సహచరుడి అధీనంలో ఉంటుంది. ఆ డ్రైవర్ వచ్చి కాన్ఫిగర్ ఫ్లాగ్‌ను 1 చేసిన మరుక్షణం అన్ని పోర్ట్‌లూ ఈహెచ్‌సీఐ చేతికి వస్తాయి. హై స్పీడ్ కాని పరికరాలను అది ఒక్కొక్కటిగా సహచరుడికి తిరిగి అప్పగిస్తుంది.

మీ యంత్రంలో యూహెచ్‌సీఐ ముందు లోడ్ అయి పెన్‌డ్రైవ్‌ను ఫుల్ స్పీడ్‌లో గుర్తించింది. తర్వాత ఈహెచ్‌సీఐ వచ్చి పోర్ట్‌ను లాక్కోవడంతో యూహెచ్‌సీఐ దృష్టిలో పరికరం ఊడిపోయింది, ఈహెచ్‌సీఐ బస్ మీద కొత్తగా పుట్టింది. పెన్‌డ్రైవ్ కాబట్టి సరిపోయింది. అదే సమయంలో మౌంట్ అయి ఉన్న డిస్క్ అయితే నష్టం జరిగేది. అన్నింటినీ "వై"గా పెడితే కెర్నెల్ మేక్‌ఫైల్‌లోని వరుస వల్ల ఈహెచ్‌సీఐ ముందే మొదలవుతుంది. మాడ్యూళ్లుగానే ఉంచదలిస్తే స్క్రిప్ట్‌లో ఈహెచ్‌సీఐ_పీసీఐని ముందు, యూహెచ్‌సీఐని తర్వాత పెట్టండి. ఇక్కడ కూడా పీసీఐ భాగం విడి మాడ్యూలే.

ఈ రెండు తరాల మధ్య వచ్చిన యంత్రాల గురించి ఒక మాట. 2012లో వచ్చిన ఇంటెల్ 7 సిరీస్ చిప్‌సెట్లలో ఈహెచ్‌సీఐ, ఎక్స్‌హెచ్‌సీఐ రెండూ ఉండి, పోర్ట్‌లను అటో ఇటో మళ్లించే స్విచ్ చిప్‌సెట్‌లోనే ఉంటుంది. అటువంటి యంత్రానికి ఎక్స్‌హెచ్‌సీఐ లేకుండా కెర్నెల్ కట్టినా అన్నీ పనిచేస్తున్నట్టే ఉంటుంది, ఎందుకంటే కెర్నెల్ ఆ పోర్ట్‌లను ఈహెచ్‌సీఐకే వదిలేసి, యూఎస్‌బీ 3 పరికరాలు యూఎస్‌బీ 2 వేగంతో పనిచేస్తాయని లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. డిస్క్ నెమ్మదిగా ఉందని కేబుల్‌ను అనుమానించే ముందు, ఎల్‌ఎస్‌యూఎస్‌బీని చెట్టు ఆకారంలో చూపమని అడిగి, డిస్క్ ఎదురుగా 5000ఎం ఉందో 480ఎం ఉందో చూడండి. 2015 నాటి 100 సిరీస్ నుంచి ఇంటెల్ ఈహెచ్‌సీఐని తీసేసింది కనుక వాటిలో ఈ తికమక లేదు.

మొదటి సమాధానం ఇచ్చినవారి అదనపు వ్యాఖ్య

కెర్నెల్ కాన్ఫిగ్‌ను ఈ యంత్రానికి సరిపడా కుదించే లోకల్‌మోడ్‌కాన్ఫిగ్ వాడే ఉద్దేశం ఉంటే ఒక జాగ్రత్త. అది ఆ క్షణంలో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచి మిగతావాటిని తీసేస్తుంది. యంత్రాన్ని నెట్‌వర్క్ ద్వారా మాత్రమే వాడుతూ, కీబోర్డ్ తగిలించకుండా బూట్ చేసి దాన్ని నడిపితే, హెచ్‌ఐడీ డ్రైవర్లు జాబితాలోంచి జారిపోయే ప్రమాదం ఉంది. ముందు అన్ని పరికరాలనూ ఒకసారి తగిలించి, ఆ తర్వాతే నడపండి.

కొత్త కెర్నెల్‌ను అసలు యంత్రం మీద రీబూట్ చేసే ముందు, కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే క్యూఈఎంయూలో, క్యూఈఎంయూ-ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలర్‌నూ యూఎస్‌బీ కీబోర్డ్‌నూ జోడించి, అదే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌తో నడిపి చూడవచ్చు. ఆ అనుకరణ యంత్రానికి పీఎస్/2 (యూఎస్‌బీకి ముందటి పాత రకం) కీబోర్డ్ కూడా ఉంటుంది కాబట్టి, కెర్నెల్‌లో దాని డ్రైవర్ ఉంటే మీటలు ఏ దారిన వస్తున్నాయో లాగ్‌లో చూసి నిర్ధారించుకోవాలి.