మొదటి సాలార్ జంగ్: నిర్మాతా, ద్రోహా?

మూసీగట్టు:
ఆధునిక హైదరాబాదుకు ఈయనే పునాది వేశాడని పొగిడేవారికి ఒకటే ప్రశ్న. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి తిరుగుబాటుగా వెళ్లినప్పుడు ఈ దివాను, అంటే నిజాము ప్రధానమంత్రి, ఎవరి పక్షం?

దస్త్రం:
ఇంగ్లీషువారి పక్షమే, ఎవరు కాదన్నారు? 1853లో ఇరవైనాలుగేళ్ల మీర్ తురాబ్ అలీ ఖాన్, అంటే ఈ సాలార్ జంగే, దివాను అయ్యేసరికే బాకీల కింద నిజాము బేరార్ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. తాలూకాలు పన్ను వసూలును గుత్తకు పట్టిన గుత్తేదార్ల పాలు, ఆదాయం అరబ్బు, రోహిల్లా వడ్డీవ్యాపారులకు తాకట్టు. ఆయన గుత్తలు తీసేసి జీతంమీద తాలూక్‌దార్లనే రెవెన్యూ అధికారులను పెట్టాడు. 1865లో జిలాబందీతో జిల్లాలు ఏర్పరిచాడు.

గాలిపటం:
మ్యూజియం ఈయనదే కదా?

దస్త్రం:
కాదు. ఆ వస్తువులు ఎక్కువగా కూడబెట్టింది మనవడు, మూడో సాలార్ జంగ్.

మూసీగట్టు:
జిల్లాల సంగతి నేనడిగానా? తుర్రెబాజ్ ఖాన్‌ను తూప్రాన్ దగ్గర చంపి శవాన్ని ఊళ్లో వేలాడదీశారు. 1860లో ఇంగ్లీషువారి నుంచి నిజాముకు యాభై లక్షల బాకీ మాఫీ, రాయచూరు వాపసు. అది కూలి కాదా?

దస్త్రం:
కూలికి పనిచేసినవాడు బేరార్ కోసం అంత పట్టు పడతాడా? 1876లో ఇంగ్లండు వెళ్లినా అదే ధ్యాస. దాని ఫలితంగానే మరుసటి ఏడు గిట్టని వికారుల్ ఉమ్రాను బాల నిజాము తరఫున పాలించే సహ రీజెంటుగా నెత్తిన రుద్దారు.

వేపచెట్టు:
ఇద్దరూ ఎవరి పాట వారే పాడుతున్నారు.

మూసీగట్టు:
పాట కాదండీ, కడుపుమంట! మా ముత్తాత నిజాం దఫ్తరులో గుమాస్తాగానే రిటైరయ్యాడు. పై కుర్చీలన్నీ ఉత్తరాదివారివి. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ వంటివారిని రప్పించింది ఎవరు? నా ఆఫీసులోనూ అదే తంతు, పదేళ్లు నేను నడిపిన విభాగానికి బయటివాణ్ణి తెచ్చి అధిపతిని చేశారు.

దస్త్రం:
మీ ఆఫీసు పంచాయితీకి 1857ను సాక్ష్యానికి పిలిచారన్నమాట. ముందే చెబితే తుర్రెబాజ్ ఖాన్‌ను ఇంతసేపు నిలబెట్టేవాళ్లం కాదు. రెవెన్యూ పని తెలిసినవారు కావలసివచ్చింది, రప్పించాడు. ఇక్కడివారు చదువుకోవడానికి దారుల్ ఉలూం అనే విద్యాలయం కూడా పెట్టించాడు.

మూసీగట్టు:
వెటకారం చాలు. దారుల్ ఉలూంలో ఏ భాషలో చెప్పారు? తెలుగు, మరాఠీ, కన్నడం తప్ప ఎరగని రైతుల రాజ్యంలో ఆయన పోయేదాకా, అంటే 1883 దాకా, దర్బారు భాష ఫార్సీయే (పర్షియన్). నా గొడవ అది. ఈ నేల మనిషికి ఆ సర్కారు కచేరీలో చోటు ఎక్కడ?

దస్త్రం:
గుత్తేదారు ఉన్నప్పుడు కచేరీ అన్నదే లేదు! ముందు ఇల్లు నిలవాలా, భాష చూసుకోవాలా?

మూసీగట్టు:
అర్జీ రాసిపెట్టే మున్షీకి రైతు చెల్లించుకున్న సొమ్ము మీ జిలాబందీ లెక్కల్లో ఏ పద్దు కింద ఉందో చెప్పండి, ఇల్లు సంగతి తర్వాత మాట్లాడదాం.