బస్సుకి 'ఆన్', కారుకి 'ఇన్' ఎందుకు? ఎక్కడం, దిగడం, దాటడం గురించి ఒక ప్రశ్న

తిరుపతి ట్యాక్సీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ట్యాక్సీ నడుపుతాను. తమిళం, కన్నడం బాగా వచ్చు, హిందీతో నెట్టుకొస్తాను. ఇబ్బందంతా ఇంగ్లీషుతోనే. అమెరికా నుంచి, సింగపూర్ నుంచి వచ్చే మనవాళ్ళ పిల్లల్లో చాలామందికి తెలుగు సరిగా రాదు. వాళ్ళ వెంట వచ్చే ఫ్రెండ్స్‌కి అసలే రాదు. వాళ్ళతో నేను చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఎక్కండి, దిగండి, రోడ్డు దాటండి, కొండకి పోదాం, అంతే.

గో, కమ్, గెట్, టేక్ అన్నీ తెలుసు. వాటి వెనకాల వచ్చే చిన్న ముక్కలే అంతుబట్టడం లేదు. మనం బస్సైనా ఎక్కుతాం, కారైనా ఎక్కుతాం, మెట్లైనా ఎక్కుతాం. వాళ్ళేమో బస్సుకి 'గెట్ ఆన్', నా కారుకి 'గెట్ ఇన్', మెట్లకి 'గో అప్' అంటారు. దిగడం దగ్గరా ఇదే గోల. పైగా మనకి లాడ్జిలో దిగడం కూడా దిగడమే కదా. 'ఎక్కడ దిగారు సార్' అని అడగాలంటే ఏమనాలి?

అన్నిటికంటే అలిపిరి చెకింగ్ దగ్గర టెన్షన్. వెనక బండ్లు ఆగి ఉంటాయి. వీళ్ళు దిగి, బ్యాగులు తీసుకుని, చెకింగ్‌లోంచి నడిచి, అవతల మళ్ళీ బండెక్కాలి. అదంతా గబగబా చెప్పగలగాలి. బట్టీ పట్టే లిస్టులు వద్దండీ, అట్లాంటి వీడియోలు చాలా చూశాను, ఒక్కటీ మనసులో నిలవలేదు. దీని వెనక ఏదైనా లెక్క ఉంటే చెప్పండి.

పీలేరు కుర్రోడు

లెక్కా గిక్కా ఏమీ లేదన్నా. అది వినీ వినీ రావాల్సిందే. ఇంగ్లీషు సినిమాలు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడు. నాకట్లే వచ్చింది.

చంద్రగిరి టీచరమ్మ

లెక్క ఉంది నాయనా. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే, నాకు చెప్పడానికి బాగా ఇష్టమైన పాఠమూ ఇదే. సినిమాలు చూడు, వద్దనను. కానీ ఏం వినాలో తెలిశాక చూడు.

తెలుగులో ఎటు కదిలామన్నది క్రియలోనే ఉంటుంది. ఎక్కు అంటే పైకి, దిగు అంటే కిందికి, దాటు అంటే ఇటునుంచి అటు, దూరు అంటే లోపలికి. ఎలా కదిలామో చెప్పాలంటే ముందు ఇంకో మాట చేరుస్తాం. 'పరుగెత్తుకుంటూ దాటాడు', 'పాక్కుంటూ ఎక్కాడు' అంటాం. ఇంగ్లీషులో ఇది తిరగబడుతుంది. ఎలా కదిలారన్నది క్రియలోకి పోతుంది, ఎటు అన్నది చిన్న ముక్కలోకి పోతుంది. 'రాన్ అక్రాస్', 'క్రాల్డ్ అప్'. లెనార్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త 1985లో ఈ తేడాని వివరంగా రాశాడు. స్పానిష్ కూడా దారిని క్రియలోనే పెడుతుందని చూపించాడు. మన తెలుగు ఆ పక్కనే కూర్చుంటుంది.

అంటే నువ్వు చిన్న ముక్కలంటున్నావే, మన ఎక్కు, దిగు, దాటు ఉన్నది వాటిలోనే. 'వాక్ అప్', 'డ్రైవ్ అప్', 'రన్ అప్' అన్నిట్లోనూ ఎక్కడం 'అప్'లో ఉంది. వాక్, డ్రైవ్ అనేవి కాళ్ళతోనా చక్రాలతోనా చెబుతాయి, అంతే. అందుకే క్రియ దగ్గర మొదలుపెట్టొద్దు. మనిషి పోయే చోటు ఎట్లాంటిదో ముందు చూడు.

నీ కారులోకి వంగి దూరాలి, లోపల నిలబడలేం. అది 'గెట్ ఇన్', బయటికొస్తే 'గెట్ అవుట్ ఆఫ్'. ఆటోకీ అంతే. బస్సు, రైలు, విమానంలో నిలబడి అటూ ఇటూ నడవొచ్చు. అవి 'గెట్ ఆన్', 'గెట్ ఆఫ్'. బైకు మీద, గుర్రం మీద కూర్చుంటాం కాబట్టి వాటికీ 'ఆన్'. లిఫ్టులో నిలబడతాం కానీ నడిచే చోటు లేదు, చుట్టూ మూసేసి ఉంటుంది, కాబట్టి 'ఇన్'. మన దగ్గర అందరూ 'గెట్ డౌన్' అంటారు, మనవాళ్ళకి అర్థమవుతుంది. అమెరికా పిల్లాడికి మాత్రం ఒక్కసారిగా 'గెట్ డౌన్' అంటే వంగి దాక్కోమన్నట్టు వినపడవచ్చు. నీ కారుకి 'గెట్ అవుట్' ఒక్కటే అన్నా విసుక్కున్నట్టుంటుంది. ముందు 'ప్లీజ్', వెనక 'ఆఫ్ ద కార్' పెట్టు.

ఇక దాటడం. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకి పోతే 'అక్రాస్'. స్వర్ణముఖి మీద బ్రిడ్జి దాటితే 'ఓవర్'. గేటులోంచి, అడవిలోంచి, చెకింగ్‌లోంచి పోతే 'త్రూ'. కపిలతీర్థం ముందునుంచి ఆగకుండా పోతున్నామంటే 'పాస్ట్'. మనకి ఇవన్నీ ఒక్క 'దాటి'లో ఇమిడిపోతాయి కాబట్టి అక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

నీ అలిపిరి మాట ఇదిగో: 'ప్లీజ్ గెట్ అవుట్ ఆఫ్ ద కార్ విత్ యువర్ బ్యాగ్స్, వాక్ త్రూ ద చెకింగ్, అండ్ గెట్ బ్యాక్ ఇన్ ఆన్ ద అదర్ సైడ్.' అందులో 'బ్యాక్' అంటే మన 'మళ్ళీ'. కొండ దారికి: 'వీ డ్రైవ్ అప్ ద సెకండ్ ఘాట్ రోడ్ అండ్ కమ్ డౌన్ ద ఫస్ట్.' మొదటిది 1944 నాటి రోడ్డని కూడా చెప్పు, వచ్చినవాళ్ళు ఇష్టంగా వింటారు. నడిచేవాళ్ళకి: 'యూ వాక్ అప్ 3,550 స్టెప్స్ ఫ్రమ్ అలిపిరి.' అదే శ్రీవారి మెట్టు దారైతే 2,388.

లాడ్జి విషయంలో కదలిక లేదు, ఉండటమే. 'వేర్ ఆర్ యూ స్టేయింగ్?' చాలు.

పీలేరు కుర్రోడు

మేడమ్, బాగుంది. మరి టెంపో ట్రావెలర్ సంగతేంటి? అందులో వంగి నడవొచ్చు కదా.

చంద్రగిరి టీచరమ్మ

దానికి రెండూ వినపడతాయి బాబూ. వ్యాన్ అనుకునేవాళ్ళు 'ఇన్' అంటారు, చిన్న బస్సు అనుకునేవాళ్ళు 'ఆన్' అంటారు. రెండిట్లో ఏదన్నా ఇబ్బంది లేదు. పడవల్లోనూ అంతే, చిన్న పడవకి 'ఇన్', ఓడకి 'ఆన్'.

తిరుపతి ట్యాక్సీ

చాలా థాంక్స్ మేడమ్. అలిపిరి మాట ఫోన్లో రాసిపెట్టుకున్నాను. ఇంకొక్కటి. మా స్టాండులో అందరూ 'రీచ్ టు తిరుమల' అంటారు. వచ్చినవాళ్ళు 'రీచ్ తిరుమల' అంటారు, ఒక్కోసారి 'గెట్ టు తిరుమల' అంటారు. ఒకచోట 'టు' ఉంది, ఒకచోట లేదు, ఎందుకు?

చంద్రగిరి టీచరమ్మ

మన పద్ధతి క్రియలు ఇంగ్లీషులోనూ కొన్ని ఉన్నాయి. రీచ్, ఎంటర్, క్రాస్, లీవ్ లాంటివి. దారి వాటిలోనే ఉంది కాబట్టి ఇంకో ముక్క అక్కర్లేదు. ఎంటర్ ఫ్రెంచి నుంచి వచ్చింది, ఫ్రెంచి కూడా దారిని క్రియలోనే పెడుతుంది. 'గెట్'లో దారి లేదు, అందుకే 'టు' కావాలి. మనం 'తిరుమలకి చేరుకున్నాం' అంటాం కదా, ఆ 'కి'ని మోసుకెళ్ళి 'రీచ్' వెనక 'టు' పెట్టేస్తాం. 'ఇంటికి'లో 'కి' ఉన్నా 'గో హోమ్' అనే అనాలి. పాత ఇంగ్లీషులోనే ఆ 'హోమ్' ఇంటివైపు అనే అర్థాన్ని తనలో కలుపుకుంది. 'అరైవ్' మాత్రం వేరు. ఊరైతే 'ఇన్ తిరుపతి', స్టేషనైతే 'ఎట్ ద స్టేషన్'. దాని వెనక 'టు' రాదు.

రేణిగుంట కౌంటర్

నేను లాడ్జి రిసెప్షన్‌లో పనిచేసేదాన్ని, ఇప్పుడు ట్రావెల్స్ కౌంటర్‌లో ఉన్నాను. మేడమ్ చెప్పిందంతా నిజం. డ్రైవర్లకి రోజూ పనికొచ్చేది ఇంకోటి చెబుతాను అన్నా. పికప్, డ్రాప్ మనకి ఒక్కో మాట. వాళ్ళకి రెండేసి ముక్కలు, మనిషి మధ్యలో వస్తాడు. 'ఐ విల్ పిక్ యూ అప్ ఎట్ ద స్టేషన్', 'ఐ విల్ డ్రాప్ యూ ఆఫ్ ఎట్ అలిపిరి'. యూ, హిమ్, దెమ్ లాంటివి చివరికి పోకూడదు, మధ్యలోనే ఉండాలి. పేరైతే ఎటైనా పెట్టొచ్చు, 'పిక్ అప్ యువర్ మదర్' అనొచ్చు, 'పిక్ యువర్ మదర్ అప్' అనొచ్చు.

ఫోన్లో పాసింజరు ఎక్కడున్నావని అడిగితే మాత్రం భయం లేదు. మనం 'వస్తున్నా' అనేచోట వాళ్ళూ 'ఐ యామ్ కమింగ్' అనే అంటారు. అక్కడ తెలుగులో తోచిందే చెప్పేయన్నా.